మూడోసారి పోసిన నీళ్ళు

ఆదివారం పొద్దున మా ఇంటికి మాంసం డబ్బా వస్తుంది. ఫోన్‌లో నొక్కితే చాలు, బియ్యం నానేలోపు తలుపు దగ్గర ఉంటుంది. ముక్కలన్నీ ఒకే కొలత, ఒక్క నెత్తురు చుక్క ఉండదు, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం. కడిగే పంపుతున్నాం, మళ్ళీ కడగనక్కర్లేదని దాని మీద అచ్చేసి కూడా ఉంటుంది. అయినా నేను కడుగుతాను. ముక్కల్ని గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, ఒక నిమిషం ఊరికే నిలబడతాను.

"కడిగే పంపిన్రు గదనే. ఏం జూస్తున్నవ్ గంత సేపు?" అంటాడు మా ఆయన. పెళ్ళయి ఏడాది కాలేదు, నా తిక్కలన్నీ ఇంకా ఆయనకు తెలియవు.

"ఏం లేదు" అంటాను.

ఏం లేకపోవడమేంటి, చాలానే ఉంది. కానీ పొయ్యి మీద నూనె కాగుతుండగా చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. జ్ఞాపకాలు రాసుకునే వయసా నీది అని ఎవరైనా అడగొచ్చు, నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. కానీ నేను పెరిగిన ఇల్లు, ఆ ఇంటి వాసన, ఆ ఇంట్లో ఉన్న జీవాలు ఇప్పుడు ఎక్కడా లేవు. పదేళ్ళు చాలాయి అన్నీ పోవడానికి.

మా ఊరు పాలమూరుకూ నల్లగొండకూ నడుమ, రెండింటికీ దూరంగా ఉంటుంది. ఎర్ర నేల, రాళ్ళ గుట్టలు, వాన పడితే కందులు, జొన్నలు. మాది గొర్రెలు కాసే ఇల్లు. అందులోనూ తాతవి కర్రె గొర్రెలు. కర్రె అంటే మా దిక్కు నలుపు. జానెడు ఉన్ని పెరిగే జాతి అది. ఏడాదికి రెండుసార్లు వాగులో కడిగి, ఎండకు ఆరబెట్టి, కత్తెరతో బొచ్చు తీసేవాళ్ళు. ఆ బొచ్చును మా అవ్వ బతికున్నన్నాళ్ళూ కదురు మీద వడికింది. ఆ నూలుతో గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించేవాళ్ళు. వానాకాలం తాత గొంగడి తడిస్తే ఇల్లంతా ఒక వాసన. తడి ఉన్ని, పొగాకు, పుల్లటి గంజి, గొర్రెల పెంట, అన్నీ కలిసిన వాసన. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం దాని కింద దూరితే చాలు నిద్ర వచ్చేది.

మేం మాంసం తినే మనుషులమే కానీ రోజూ తినే మనుషులం కాదు. పండుగో, మొక్కో, చుట్టాలొచ్చిన నాడో ఒక యాట, అంటే గొర్రో పొట్టేలో, తెగేది. ఆ రోజు తాతది ఒకటే షరతు. తినేవాళ్ళందరూ అక్కడ నిలబడాలి, పిల్లలతో సహా. నేను ఎన్నిసార్లు గడ్డివాము వెనక దాక్కుని, పోపు వాసన రాగానే ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నానో లెక్కలేదు. తాతకు దొరికానంటే చెవి పట్టుకుని తీసుకుపోయి ముందర నిలబెట్టేవాడు. నేను కళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకునేదాన్ని. ఆయన తన మొద్దు వేళ్ళతో నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేవాడు.

"తాతా, నాకు భయమైతాంది."

"కానీ. భయమైతె మంచిదే. ఆకలైతది, తింటం. తినుడు తప్పని నేనంటలేను బిడ్డా. దాని పానం పోయేటప్పుడు నిలబడలేనోడు కూర కాడ ఎట్ల కూసుంటడు?"

అంతేకాదు, కోసే ముందు దాన్ని అడగాలి. ఇది మా ఇంట్లో పుట్టిన పద్ధతి కాదు, చాలా ఊళ్ళలో ఉంది. పసుపు కలిపిన నీళ్ళలో వేపాకు వేసి, మెడ నుంచి తోక దాకా వీపు మీద పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు, దాన్నే 'ఇచ్చింది' అంటారు. విదిలించకపోతే మళ్ళీ పోస్తారు. మూడుసార్లు పోసినా కదలకపోతే దేవత వద్దన్నట్టు. ఇక దాన్ని చంపరు, అమ్మరు. చెవికి గాటు పెట్టి మందలోకి వదిలేస్తారు, ముసలిదై తనంతట తను చచ్చేదాకా. ఇతర ఇళ్ళలో ఇదంతా గబగబా అయిపోయే తంతు. తాత మాత్రం నీళ్ళు పోసి, చేతులు కట్టుకుని, ఎదుటి మనిషి జవాబు కోసం నిలబడ్డట్టు నిలబడేవాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, వానలు పడే రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. దోమకాటు జ్వరం. ఒంట్లో నెత్తురు పల్చబడి, చిగుళ్ళలోంచి కారింది. అమ్మా బాపూ నన్ను పాలమూరు దవాఖానలో చేర్చారు. తాత గొర్రెల్ని పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, చేతికర్రతో, గొంగడితో బస్సెక్కి వచ్చాడు. కర్రతో లోపలికి రావద్దని గేటు దగ్గర ఆపారట. కర్ర వదిలిపెట్టి రావడం ఆయనకు చేతకాదు. అందుకని రెండు రోజులు గేటు బయటే కూర్చున్నాడు. నాకు తెలివి తప్పిందని అమ్మ ఏడుస్తూ వచ్చి చెప్పినప్పుడు, గేటు ఊచలు పట్టుకుని మొక్కాడట. "గుట్ట మైసమ్మా, నా బిడ్డను లేపు. నా కర్రె పొట్టేలును నీకిస్త."

అమ్మ ఆ మాట విని ఏడుపు ఆపి ఆయన ముఖం చూసిందట. ఎందుకంటే మా మందలో అప్పటికి మిగిలింది ఆ ఒక్క కర్రె పొట్టేలే. చుట్టుపక్కల అందరూ ఉన్ని లేని ఎర్ర గొర్రెలకు మారిపోయారు. అవి తొందరగా పెరుగుతాయి, మాంసం ఎక్కువ. మా చిన్నాయినకు నార్కట్‌పల్లిలో రోడ్డు మీద మటన్ దుకాణం ఉండేది. ఆయన వచ్చినప్పుడల్లా ఇదే పోరు. "నాయినా, గీ బొచ్చు గొర్లు ఇంకెవ్వలికి గావాలె? గొంగడి ఎవ్వలు కప్పుకుంటున్రు?" తాత వినేవాడు కాదు. ఆ పొట్టేలు ఉన్నన్నాళ్ళే మా గొర్రెలకు నల్ల పిల్లలు. అది పోతే ఎర్ర పొట్టేలును తేవాలి, అప్పుడు పుట్టేవి ఎర్ర పిల్లలు, ఉన్ని లేనివి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

నేను బతికాను. ఇంటికి తెచ్చాక అమ్మ నన్ను పత్యంలో పెట్టింది. కారం వద్దు, నూనె వద్దు, మాంసం అసలే వద్దు. చారు మెతుకులు, పెసరకట్టు. వానలు పోయాయి, చలి కూడా పోయింది, నా పత్యం మాత్రం పోలేదు. పక్కింట్లో ఎండుచేప కాలిస్తే చాలు, గోడకు ముక్కు ఆనించి నిలబడేదాన్ని. "అయ్యో, నా బిడ్డ నోరు చచ్చిపోయింది" అని అమ్మే అనేది, అమ్మే మళ్ళీ పెసరకట్టు పోసేది. మైసమ్మ మొక్కు తీరిన రోజే పత్యం విడుపు అని అమ్మ మాట. ఎప్పుడు తాతా, ఎప్పుడు తాతా అని నేను ఆయన ప్రాణం తీశాను. "చేద్దాం, జర ఆగు" అనేవాడు. కందులు ఇంటికొచ్చినంక అన్నాడు, కందులు వచ్చాయి. చిన్నాయినకు తీరినంక అన్నాడు, చిన్నాయినకు తీరింది.

చలి పోయి ఎండ ముదిరేలోపు బొచ్చు కత్తిరిస్తారు. ఆ ఏడు కూడా తాత గొర్రెలన్నిటికీ తీశాడు. పొట్టేలును మాత్రం ముట్టుకోలేదు.

"దీనికి తియ్యవా తాతా?"

"మొక్కిన దాని మీద కత్తెర పెట్టొద్దు బిడ్డా."

అందరం నమ్మాం. బొచ్చు పోయిన గొర్రెల నడుమ అది ఒక్కటే పెద్ద గొంగడి కప్పుకున్నట్టు తిరిగేది. నేనంటే దానికి చనువు. స్కూలు నుంచి వస్తే ఎదురొచ్చి, నా సంచీలో తుమ్మకాయలున్నాయేమోనని మూతితో పొడిచేది. నేను దాని కొమ్ములు పట్టుకుని అటూ ఇటూ ఊపేదాన్ని. దాని మీద ప్రేమ లేదని అబద్ధం చెప్పను. ప్రేమ ఉండి కూడా ఆ పని చేశాను, అదే కదా నా బాధ.

మొక్కు రోజు వచ్చింది. గుట్ట కింద వేపచెట్టు నీడలో మైసమ్మ రాయి. డప్పు, నాలుగు ఇళ్ళ చుట్టాలు, మూడు రాళ్ళ పొయ్యిలు. చిన్నాయిన తెల్లారే వచ్చి కత్తులు నూరాడు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు వేయిస్తున్నారు, అల్లం వెల్లుల్లి దంచుతున్నారు. మొదట చేసేది నల్ల. నెత్తురు పట్టి, ఉప్పేసి, గడ్డకట్టినాక ఉల్లిగడ్డలతో, పచ్చిమిరపకాయలతో వేయిస్తారు. జొన్నరొట్టెలో పెట్టుకుని వేడివేడిగా తింటే స్వర్గం. దానికోసం పెనం అప్పటికే పొయ్యి మీద పెట్టారు. ఆరు నెలలుగా చప్పిడి తిన్న నా నోట్లో నీళ్ళు ఊరి ఊరి చొంగ కారింది.

మొక్కు నా పేరున కాబట్టి తాడు నా చేతికిచ్చారు. పొట్టేలు నా వెంట నిమ్మళంగా నడిచి వచ్చింది. తాత కొత్త రుమాలు చుట్టుకున్నాడు. చెంబెత్తి వీపు మీద నీళ్ళు పోశాడు.

"అయ్యా, నా బిడ్డ బతికింది. నేను మాటిచ్చిన. నీ ఇష్టమైతె ఇయ్యి."

డప్పు ఆగింది. పొట్టేలు నెమరు వేస్తూ నిలబడింది. కదల్లేదు.

తాత మళ్ళీ పోశాడు. నీళ్ళు ఆ దట్టమైన ఉన్ని మీద నుంచి జారి నేల మీద పడ్డాయి. పొట్టేలు నా వైపు చూసి సంచీ కోసం వెతికింది. చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"నాయినా, ఎండకు సస్తున్నం. ఇగ కానీయ్" అన్నాడు చిన్నాయిన. "నా దుకాణంల పొద్దున లేస్తె ఎన్ని కోస్త, ఒక్కదాన్నన్న అడిగిననా? దాన్ని అడుగుడేంది, అది చెప్పుడేంది?"

"నువ్వు అడగవురా. అందుకే నీకు ఏ రోజు ఏం తిన్నవో యాదికుండది" అన్నాడు తాత. "మూడోసారి పోస్త. ఇయ్యకపోతె ఇడిచిపెడుదం. ఇంట్ల పప్పున్నది, అందరు తిని పోతరు."

పప్పు! ఆ మాట నా గుండెల మీద పడింది. మళ్ళీ పప్పా? తాత చెంబు ముంచడానికి కాగు వైపు తిరిగాడు. ఉల్లిగడ్డల వాసన గుప్పున వచ్చింది. నేను పొట్టేలు పక్కన గొంతుక్కూర్చుని, ముద్దు చేస్తున్నట్టు దాని మెడ చుట్టూ చెయ్యి వేశాను. కాలి దగ్గర ఎండిన గడ్డిపోచ దొరికింది. తాత నీళ్ళు పోస్తుండగా దాన్ని పొట్టేలు చెవిలోకి దూర్చాను. లోతుగా.

పొట్టేలు తల నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. పసుపు నీళ్ళు చింది అందరి ముఖాల మీదా పడ్డాయి.

"ఇచ్చింది! ఇచ్చింది!" అని అందరూ అరిచారు. డప్పు మోగింది. తాత చేతిలో చెంబు అట్లాగే ఉంది. ఆయన ముఖంలో ఉన్నది భక్తి అనుకున్నాను నేను. పదమూడేళ్ళ పిల్లకు అంతకంటే ఏం తెలుస్తుంది?

చిన్నాయిన నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. నేను కళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకున్నాను. తాత వచ్చి వేళ్ళు విడదీస్తాడని ఎదురుచూశాను. రాలేదు. అయిపోయిందని అందరూ కదిలేదాకా ఎవరూ నా చేతులు తియ్యలేదు.

నల్ల మొదటి వాయి నాకే పెట్టారు. మొక్కు నాది కదా! నేను రొట్టెలో పెట్టుకుని, నాలుక కాలుతున్నా ఆగకుండా తిన్నాను. చాలా బాగుంది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది కానీ నిజం ఇదే. అంత రుచి నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

తలకాయ కాల్చే పని ఎప్పుడూ తాతదే. దూరంగా చిన్న మంట పెట్టుకుని, కాల్చే ముందు చెవులూ ముక్కూ శుభ్రం చేస్తున్నాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. వెళ్ళాను. ఆయన అరచేతిలో విరిగిన గడ్డిపోచ ఉంది.

"గిది దాని చెవుల ఎట్లొచ్చిందో నీకేమన్న ఎరికేనా బిడ్డా?"

"నాకేమెరుక తాతా" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. నా మూతికి నూనె, మసాలా అంటుకుని ఉన్నాయి. కొత్త రుమాలు చెంగుతో నా మూతి తుడిచాడు. గట్టిగా కాదు, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"పో, తిను. సల్లారిపోతది" అన్నాడు.

పంక్తిలో అందరూ కూర్చున్నప్పుడు తాత పన్ను గుంజుతోందని మజ్జిగన్నం తిన్నాడు. తెల్లారి కూడా అదే మాట. నెల తర్వాత కూడా అదే. ఆయన మళ్ళీ మాంసం ముట్టలేదు, మా ఇంట్లో ఎవరూ యాటను మళ్ళీ అడగలేదు. చెంబు పట్టుకోమంటే, ఇగ మీరే చూసుకోన్రి అని గుట్ట వైపు నడిచిపోయేవాడు.

చిన్నాయిన ఎర్ర పొట్టేలును తెచ్చి మందలో వదిలాడు. మరుసటి ఏడు పిల్లలు ఎర్రవి, గోధుమవి, మచ్చలవి పుట్టాయి. తాత ప్రతి పిల్లనూ ఎత్తి చూసి దించేవాడు. ముసలి కర్రె గొర్రెలు ఒక్కొక్కటే పోయాయి. కత్తెరకు తుప్పు పట్టింది. అవ్వ కదురును అమ్మ ఏ పొయ్యిలో పెట్టిందో ఎవరికీ గుర్తు లేదు. వాగులో గొర్రెల్ని కడిగే రోజున పిల్లలందరం తడిసి ముద్దయ్యేవాళ్ళం, అది కూడా పోయింది. వాన పడితే కొత్తగా కట్టిన మా ఇంట్లో ఇప్పుడు సిమెంటు వాసన తప్ప ఏమీ రాదు.

ఈ మధ్యనే, రెండేళ్ళ కింద, తాత మంచం పట్టాడు. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో మంచం, అంత ఎండలో కూడా కాళ్ళ మీద చిరుగులు పడ్డ గొంగడి. నేను కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాను. ఈసారి ఎట్లాగైనా గడ్డిపోచ సంగతి చెప్పెయ్యాలని వచ్చాను. నాకంటే ముందు ఆయనే మొదలుపెట్టాడు.

"గా ఏడు కర్రె దానికి బొచ్చు ఎందుకు తియ్యలేదో ఎరికేనా?"

"మొక్కిన దాని మీద కత్తెర పెట్టొద్దన్నవ్ గద."

"గట్ల ఎవ్వలన్నరే? నేనే పుట్టిచ్చిన." పళ్ళు లేని నోటితో నవ్వాడు. "జానెడు బొచ్చు ఉంటె నీళ్ళు తోలు దాక పోవు. సల్లగ తగిల్తెనే గద ఇదిలిచ్చేది. కడివెడు పోసినా దానికి తెల్వది."

నా చేతులు ఆగిపోయాయి. "మరి మొక్కు?"

"మొక్కిన. నీ పానం ముందర అదెంత అనిపిచ్చింది గప్పుడు. నువ్వు లేసి ఇంట్ల తిరుగుతుంటె మల్ల ఆశ బుట్టింది. నువ్వు గావాలె, అది గావాలె. మైసమ్మకు మాట తప్పొద్దు, అది చావొద్దు. అందుకే గట్ల జేసిన."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "తాతా, గా గడ్డిపోచ..."

"ఎరికె."

"ఎరికుండి నన్ను ఒక్క దెబ్బన్న ఎందుకు కొట్టలే?"

"ఏ మొకంతోని కొట్టాలె బిడ్డా? అది ఇయ్యొద్దని నేను దొంగపని జేసిన. ఇయ్యాలని నువ్వు జేసినవ్. అంతమంది నడుమ నిలబెట్టి అడిగినం అడిగినం అనుకున్నం గని, పాపం, దాన్ని ఎవ్వలం అడగలే."

జారిన గొంగడిని ఆయన కాళ్ళ మీదికి లాగాను. తర్వాత నేను కళ్ళు తుడుచుకుని అడిగాను. "నా మీద కోపంతోనే గద కూర తినుడు బంద్ జేసినవ్?"

"నీ మీద కోపమేందే పిచ్చిదానా? నిలబడలేనోడు కూర కాడ కూసోవద్దని నేనే గద అన్నది. గా దినం చిన్నోడు కత్తి ఎత్తంగనే నేను గుట్ట దిక్కు మొకం తిప్పుకున్న. నిన్ను గూడ సూడలే."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు నా వేళ్ళు విడదీయడానికి ఎవరూ ఎందుకు రాలేదో. చూడలేకపోయిన ముసలాయన తినడం మానేశాడు. చూడని నేను తొలి వాయి తిన్నాను. ఆ వారమే తాత పోయాడు. గొంగడి ఆయన మీదే కప్పి పంపించారు.

నేను మాంసం మానలేదు. మానేశానని రాస్తే బాగుండేది కానీ మానలేదు. ఆదివారం డబ్బా వస్తుంది, నేనే తెప్పిస్తాను. అది ఏ ఊరి జీవమో, నల్లదో ఎర్రదో, ఎవరి వెంట నడిచి వచ్చిందో ఆ కాగితం మీద రాసి ఉండదు. గిన్నెలో వేసి నీళ్ళు పోస్తాను. అవి కదలవని నాకూ తెలుసు. మా ఆయన నవ్వుతాడు, పొయ్యి మీద ఉల్లిగడ్డలు మాడుతుంటాయి. ఆ ఒక్క నిమిషం నేను కళ్ళు మూసుకోను. మూసుకుంటే వేళ్ళు విడదీసే మనిషి ఇప్పుడు లేడు.